బెల్టు విప్పని పిల్ల

“దీన్ని ఎన్నిసార్లు రాశావు?” అంది ఉరనో సుమిఎ.

“అయిదుసార్లు, సెన్సే. నాలుగోసారి చివరి వరుసలో చెయ్యి జారింది. క్షమాపణ ఉత్తరంలో కొట్టివేతలుండకూడదు కదా, అందుకని మళ్ళీ మొదట్నించీ రాశాను.”

కాసాయ్ చియొరి ఆసుపత్రి మంచం మీద కూర్చుని, మాస్టారు దిద్దుతున్న పరీక్ష కాగితంకేసి చూస్తున్నట్టు చూస్తోంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. కుడి పాదం దుప్పటి బయటుంది. ముందుకు వాలిపోయి, ఎవరో తగిలించి మరిచిపోయినట్టు వేలాడుతోంది. పైకెత్తమంటే వేళ్ళు కూడా కదలడంలేదు. మూడు రోజులు సెలైను ఎక్కించాక మూత్రంలో నలుపు పోయింది. పాదం మాత్రం తిరిగి రాలేదు. నరం కోలుకోవడానికి ఆరు వారాలు పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు అన్నాడు డాక్టరు. తప్పకుండా కోలుకుంటుందని మాత్రం అనలేదు.

సుమిఎ ఉత్తరం మళ్ళీ చదివింది. కుంచె కలంతో రాసిన చక్కటి అక్షరాలు. ‘నా శరీరాన్ని నేను సరిగ్గా చూసుకోలేకపోవడంవల్ల కోచ్ గారికీ, తోటివాళ్ళకీ, కంపెనీకీ ఇంత ఇబ్బంది కలిగించినందుకు సిగ్గుపడుతున్నాను.’ ఆ వాక్యం దగ్గర ఆమెకు కాగితాన్ని నిలువునా చింపాలనిపించింది. చింపితే ఈ పిల్ల ఆరోసారి రాస్తుంది. అది తెలుసు కాబట్టే చింపలేదు.

“ఎవరు రాయమన్నారు?”

“ఎవరూ రాయమనలేదండీ. వచ్చే సోమవారం అందరి ముందూ ఏదైనా చెప్పడం బాగుంటుందేమో అని మొనై-సాన్ అన్నారు, అంతే.”

మొనై కంపెనీ వ్యవహారాల అధికారి. ఆయన అలాగే అంటాడు. ఇది చెయ్యి అనడు, చేస్తే బాగుంటుందేమో అంటాడు. సోమవారం ఈ ఉత్తరం చదవడం పూర్తయితే అది ఫైల్లోకి పోతుంది. పనిలో తగిలిన దెబ్బ కాదు, పిల్ల సొంత అజాగ్రత్త అని ఖాయమవుతుంది. మార్చిలో ఒప్పందాలు తిరగరాసేటప్పుడు, సొంత తప్పుతో కాలు చెడగొట్టుకున్న ఆటగత్తెను ఎవరూ ఉంచుకోరు. చియొరి ఉత్తరాన తన చేపల రేవుకు వెళ్ళి తల్లి పక్కన పీతలు ఒలుస్తూ కూర్చోవాలి. ఈ సంగతి చియొరికీ తెలుసు. తెలిసే అయిదుసార్లు రాసింది.

“ఆ రోజు తొడలకు బెల్టులు ఎంతసేపున్నాయి?”

“చూడలేదండీ.”

“ఒక పావుగంటా? అరగంటా?”

“నిజంగా చూడలేదు, సెన్సే. అయినా అందరికీ అంతసేపే ఉన్నాయి. వాళ్ళకేం కాలేదు. నాది మాత్రమే ఇలా అయిందంటే లోపం నాలోనే ఉంది కదా.”

సుమిఎ దుప్పటి లాగి పాదం కప్పింది. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాక గానీ తనకు ఎంత కోపం వచ్చిందో ఆమెకు తెలియలేదు.

అందరికీ అంతసేపే ఉన్నాయా? మిగతా ఎవరికీ ఏం కాలేదా?

ఆ బెల్టులు క్లబ్బుకు తెచ్చింది సుమిఎ. పట్నంలో ఎముకలు కీళ్ళు సరిచేసే చిన్న వైద్యశాల ఆమెది; అందుకే అందరూ గౌరవంగా సెన్సే అంటారు. వారానికి మూడు రోజులు సోయా చిక్కుళ్ళు పులియబెట్టి మిసో ముద్ద చేసే కంపెనీ వాళ్ళ మంచుదూకుడు క్లబ్బుకు, అంటే కాళ్ళకు స్కీ బల్లలు కట్టుకుని కొండ మీంచి దూకేవాళ్ళ క్లబ్బుకు వచ్చి అమ్మాయిల కాళ్ళు చూస్తుంది. నలుగురు అమ్మాయిలు. మధ్యాహ్నందాకా ఫ్యాక్టరీలో సోయా చిక్కుళ్ళ దగ్గర పని, ఆ తర్వాత కొండ. ఆగస్టులో మంచుండదు కాబట్టి ప్లాస్టిక్ చాపల మీద నీళ్ళు చల్లి దూకుతారు. ఏ కాలమైనా దూకుడంతా ఒక్క లిప్తలో ఉంటుంది. జారుడుబల్ల చివర, గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో, ముడుచుకున్న మోకాళ్ళు ఒక్కసారిగా ఎగదన్నాలి. ముందు దన్నితే గాలి తోసేస్తుంది. ఆలస్యమైతే కొండ మీదే పడతారు. ఆ ఒక్క తన్ను కోసం వెనకటి కోచ్‌లు అమ్మాయిల భుజాల మీద ఇనుము ఎక్కించేవాళ్ళు. నలుగురిలో ఒకతైన ఒరిఎ మోకాళ్ళకు రెండు ఆపరేషన్లు అలా వచ్చినవే.

బెల్టు ఆ బాధ తప్పించింది. తొడ మొదట్లో కట్టి, చేతిపంపుతో కొంచెం గాలి కొడితే, కిందికి వెళ్ళిన రక్తం తొందరగా పైకి రాదు. అప్పుడు చిన్న సంచెడు బియ్యం మోసినంత బరువుతో లేచి కూర్చున్నా, కాలు కొండంత బరువెత్తినట్టు అలిసిపోతుంది, అలిసినందుకు గట్టిపడుతుంది. ముప్పైసార్లు, తర్వాత మూడు విడతలు పదిహేనేసిసార్లు, మధ్యలో అరనిమిషం ఊపిరి. వెంటనే విప్పెయ్యాలి. ఏడు వారాల్లో చియొరి నిలబడి ఎగిరే ఎత్తు అయిదు సెంటీమీటర్లు పెరిగింది. కొలిచిన రోజు ఆ పిల్ల నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వింది.

సుమిఎ దీన్ని వంటలో ఉప్పు వేసినట్టు వాడేది. ఎవరి తొడకు ఎంత గాలి అన్నది ఒక్కొక్కరికీ కార్డు మీద రాసి పెట్టింది. ఒరిఎకు పంపు ముల్లు మీద నూట ఎనభై, చియొరి సన్నటి కాళ్ళకు నూట ముప్పై. విడత విడతకూ మోకాలి పైన బొటనవేలితో నొక్కి చూసేది. తెల్లబడ్డ చర్మం రెండు లెక్కపెట్టేలోగా ఎర్రబడాలి. ఎర్రబడకపోతే ఆ రోజు ఆ పిల్లకు బెల్టు లేదు. గురువారాలు సుమిఎ రాదు. “నేను చూసుకుంటాలెండి, గాలి కొట్టడమే కదా” అన్నాడు కోచ్ హిరుకావా పోయినేడాదే. సరేనంది. ఆ సరే అన్నందుకు తనని తాను తిట్టుకోని గంట లేదు నాలుగు రోజులుగా.

మర్నాడు పొద్దున సుమిఎ తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఒరిఎ రబ్బరు బూట్లు, తెల్ల టోపీ వేసుకుని, ఉడికిన చిక్కుళ్ళ తొట్టె దగ్గర పారతో నిలబడి ఉంది. క్లబ్బులో అందరికంటే పెద్దది, ఇరవై ఎనిమిదేళ్ళు.

“ఒరిఎ, ఏదీ కాలు చూపించు.”

“ఇక్కడా? సెన్సే, ఆవిరికి ఛస్తున్నాం. మీకు కాళ్ళు చూసే పిచ్చి రోజురోజుకీ ముదురుతోంది.”

“చూపించు.”

ఒరిఎ నవ్వడం మానేసి ప్యాంటు పైకి మడిచింది. తొడ మీద బెల్టు గుర్తు లేదు, కమిలిన చోటు లేదు. చియొరి తొడల మీద నాలుగు వేళ్ళ వెడల్పున నీలంగా కమిలిన చాళ్ళు ఇంకా ఉన్నాయి.

“గురువారం ఏం జరిగింది?”

“ఏముంది. ఆఖరి విడత అయిపోయింది. విప్పుకుందామనేసరికి కోచ్ గారొచ్చారు. ఆదివారం పోటీలో మనం ఎంత దరిద్రంగా దూకామో గుర్తొచ్చినట్టుంది. కూర్చోండి అన్నారు.”

“ఎలా కూర్చున్నారు?”

“ఎలా కూర్చుంటాం? ఆయన మాట్లాడుతుంటే కాళ్ళు చాపుకుని కూర్చుంటామా? మోకాళ్ళు మడిచి, మడమల మీదే.”

బెల్టు కట్టిన తొడలు, వాటి కింద మడిచిన మోకాళ్ళు, వాటి మీద ఒంటి బరువంతా. సుమిఎ కళ్ళు మూసుకుని తెరిచింది.

“మరి నువ్వెందుకు విప్పలేదు? నువ్వు విప్పితే మిగతావాళ్ళు విప్పేవాళ్ళు.”

“ఆయన మాట మధ్యలో చరచరా అట్టలు పీకినట్టు చప్పుడు చెయ్యనా? కొత్తగా చేరిన అమ్మాయిలా మాట్లాడతారేంటి సెన్సే.”

“అంతసేపూ బిగించుకునే ఉన్నావా? అయితే నీ తొడ మీద గుర్తేదీ?”

ఒరిఎ పార తొట్టెలో గుచ్చింది. తీసింది. మళ్ళీ గుచ్చింది.

“బెల్టుకి చిన్న మీట ఉంటుంది కదా,” అంది ఎటో చూస్తూ. “చొక్కా అంచు కింద వేలు పెట్టి నొక్కితే గాలి మెల్లగా పోతుంది. చప్పుడవదు. బెల్టు ఉన్నట్టే ఉంటుంది.”

“ఎవరెవరు నొక్కారు?”

“కోచ్ గారు ఉపన్యాసం మొదలెడితే ముగ్గురం నొక్కుతాం. పోయినేడాది నించీ అంతే. అది మాకు అలవాటు.”

“ముగ్గురు. మీరు నలుగురు.”

ఒరిఎ టోపీ కిందికి లాక్కుంది.

“ఆ పిల్లకెందుకు చెప్పలేదు?”

“చెప్పాలనే అనుకున్నాం సెన్సే. వచ్చి నాలుగు నెలలే కదా. ఇలాంటివి... మాకూ ఎవరూ చెప్పలేదు. మాకు మేమే కనిపెట్టాం. కొంచెం ఓర్చుకుంటే తనకీ తెలుస్తుందిలే అని...”

“దానికి ఆ రోజు నీ నూట ఎనభై కొట్టాడాయన. కార్డులు బీరువాలో ఉన్నాయి, తియ్యలేదు. పెద్దవాళ్ళకంటే చిన్నదానికి తక్కువెందుకు అని ఉంటాడు. అవునా?”

“అన్నారు.”

“పక్కనే కూర్చున్నావు కదా. దాని మొహం ఎలా ఉంది?”

“తెల్లగా ఉంది” అంది ఒరిఎ.

సుమిఎ నోటిదాకా ఎన్నో మాటలు వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ఒరిఎను ఇక్కడ తిడితే ఒరిఎ తల వంచుకుంటుంది, బాగా వంచుకుంటుంది, దాంతో అయిపోతుంది. ఇక్కడ అన్నీ అలాగే అయిపోతాయి. నడుం ఎంత లోతుగా వంగిందో చూసి, ఇక దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఫ్యాక్టరీ రెండో అంతస్తులో చాపలు పరిచిన గదిలో అందరూ చేరారు. ఒక పక్క హిరుకావా, ఎదురుగా మొనై, గోడవారగా ముగ్గురు అమ్మాయిలు. చియొరి ఒక్కదానికే కుర్చీ వేశారు. ఆ కుర్చీలో అందరికంటే ఎత్తున కూర్చోవాల్సి వచ్చినందుకు ఆ పిల్ల చచ్చిపోతున్నట్టుంది. ఉత్తరం ఒళ్ళో ఉంది.

“ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఈ సమావేశం,” అని మొదలుపెట్టాడు మొనై. మెత్తటి మనిషి, గొంతూ మెత్తనే. “ఇలాంటివి మళ్ళీ జరక్కూడదని. ఆ బెల్టుల్ని స్టోరు గదిలో పెట్టించేశాను. ఇక కాసాయ్-సాన్ తన మనసులో మాట చెబితే...”

“ఒక్క నిమిషం, మొనై-సాన్,” అంది సుమిఎ. “చెప్పేముందు ఒకటడగాలి. ఇందులో పిల్ల తప్పేమిటి?”

మొనై ఇబ్బందిగా నవ్వాడు. “తప్పని కాదు. కానీ ఉరనో-సెన్సే, నాకర్థం కానిది ఒక్కటే. నొప్పెడుతుంటే విప్పుకోవచ్చు కదా? చేతులున్నాయి. ఎవరూ కట్టెయ్యలేదు కదా ఆ అమ్మాయిని.”

“అదే నేనూ అంటున్నాను,” అన్నాడు హిరుకావా. “నేనేమైనా విప్పొద్దన్నానా? ఒక్క మాట చెబితే చాలదా? నేనేమన్నా పులినా?”

“అయితే మీరొకసారి కట్టుకుని చూడండి, మొనై-సాన్,” అని సుమిఎ సంచిలోంచి బెల్టులు తీసింది. అవి స్టోరు గదిలోంచి పొద్దున్నే తాళం అడిగి తెచ్చినవి. “ఎలా ఉంటుందో తెలియకుండా కాగితం రాయడం మీకూ బాగుండదేమో.”

బాగుండదేమో అనేసరికి మొనై కాదనలేకపోయాడు. సుమిఎ ఆయన రక్తపోటు చూసింది, తొడ చుట్టుకొలత చూసింది, ఆయన వయసుకు తగ్గట్టు చాలా తక్కువ గాలి కొట్టింది. పదిసార్లు లేచి కూర్చోమంది. అయిదోసారికే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “అబ్బో, బాగానే పట్టేస్తుంది” అని నవ్వుతూ చాప మీద కూలబడ్డాడు.

“ఎప్పుడు విప్పాలనిపిస్తే అప్పుడు విప్పెయ్యండి. మీకూ చేతులున్నాయి,” అంది సుమిఎ, చేతిగడియారం చూసుకుంటూ.

అప్పుడే తలుపు జరిగింది. కంపెనీ అధ్యక్షుడు. సోమవారం సోమవారం కొత్త మిసో రుచి చూసి, ఏ గదిలో మనుషులుంటే ఆ గదిలోకి వచ్చి కాసేపు మాట్లాడి పోవడం ఆయన అలవాటు. డెబ్భై ఏడేళ్ళవాడు. ఆయన సోమవారపు తిరుగుడు ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. సుమిఎకూ తెలుసు.

మొనై చటుక్కున మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చున్నాడు.

“కూర్చోండి, కూర్చోండి,” అన్నాడు అధ్యక్షుడు, అప్పటికే అందరూ కూర్చుని ఉన్నా. “ఈ అమ్మాయేనా? పాపం. మా రోజుల్లో జారుడుబల్ల కర్రది. పొద్దున్నే ఎక్కి మంచు మేమే తొక్కేవాళ్ళం...”

కర్ర జారుడుబల్ల దగ్గర్నుంచి ఆయన తన అన్నగారి విరిగిన ముక్కుకు వచ్చాడు, అక్కణ్ణుంచి యుద్ధం తర్వాత చిక్కుళ్ళు దొరకని ఏడాదికి వెళ్ళాడు. మొనై “అవునండి” అన్నాడు. “నిజమేనండి” అన్నాడు. మూడో నిమిషంలో ఆయన ముక్కు కింద చెమట పట్టింది. నాలుగో నిమిషంలో ఒక చెయ్యి తొడ మీదికి వచ్చింది, బెల్టు అంచును తాకింది, మళ్ళీ ఒడిలోకి వెళ్ళి రెండో చేతిని పట్టుకుంది. ఆ చేతినే చూస్తోంది సుమిఎ. గోడవారగా ఒరిఎ కూడా దాన్నే చూస్తోంది. ఆరో నిమిషంలో మొనై “అవునండి” అనడం మానేశాడు.

సుమిఎ లేచి, అధ్యక్షుడి మాటకు అడ్డంగా నడిచి, మొనై ముందు కూర్చుంది. చరచరా రెండు బెల్టులూ లాగేసింది. ఆ చప్పుడుకు అధ్యక్షుడు చిక్కుళ్ళ మధ్యలో ఆగిపోయాడు.

“క్షమించండి, అధ్యక్షుల వారూ. మొనై-సాన్‌కు కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆరు నిమిషాలు. మీకు చేతులున్నాయి కదా, మొనై-సాన్, ఎందుకు విప్పలేదు?”

“అదెలా?” అన్నాడు మొనై, కాళ్ళు రుద్దుకుంటూ, కొంచెం కోపంగా కూడా. “అధ్యక్షుల వారు మాట్లాడుతుంటే ఎలా విప్...”

అక్కడ ఆగాడు. ఎవరూ ఆయనకు సాయం చెయ్యలేదు.

“ఆ పిల్లకు దీనికి రెండింతల గాలి కొట్టారు,” అంది సుమిఎ. గొంతు పెంచలేదు గానీ మాట మాట విడివిడిగా పడింది. “దానికి పందొమ్మిదేళ్ళు. మీకు యాభై రెండు. మిమ్మల్ని ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. ఒక్క చెయ్యి కదిపితే పోయేదానికి మీరే చెయ్యి కదపలేదు. దాన్ని మాత్రం అజాగ్రత్త అని రాసి సంతకం పెట్టమంటున్నారు.”

“ఉరనో-సెన్సే, అధ్యక్షుల వారి ముందు ఏమిటీ నాటకం?” అన్నాడు హిరుకావా. “మిగతా ముగ్గురూ బాగానే ఉన్నారు కదా! అదే కట్టు, అదే సేపు. దానికి జవాబు చెప్పండి.”

“మేము గాలి తీసేశాం, కోచ్ గారూ.”

ఒరిఎ. గోడ దగ్గర్నుంచి, తల ఎత్తకుండానే అంది. “మీరు మాట్లాడటం మొదలెట్టగానే ముగ్గురం తీసేశాం. ఎప్పుడూ తీసేస్తాం. కాసాయ్‌కి చెప్పలేదు.” అని రెండు చేతులూ చాప మీద ఆనించి, చియొరి వైపు తిరిగి నుదురు నేలకు తాకేలా వంగింది.

ఇప్పుడు చియొరి కూడా వంగాలి. ఫర్వాలేదండీ, నాదే తప్పండీ అనాలి. అందరూ దాని కోసమే ఆగారు. చియొరి నడుం సగం వంగింది కూడా. ఆ పిల్లను మించి వంగే శక్తి ఈ గదిలో ఎవరికీ లేదని సుమిఎకు తెలుసు.

చియొరి సగంలో ఆగింది.

“లేవండి, ఒరిఎ-సాన్,” అంది. ఒరిఎ లేవలేదు. “లేవమంటున్నానా! నా పక్కనే కదా కూర్చున్నారు? మీ మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది అప్పుడు. మీ బెల్టులోంచి గాలి పోతుంటే నా చేతికి తగిలింది. అది ఏమిటో నాకు అర్థం కాలేదు. నాకెందుకు చెప్పలేదు?” ఆ చివరి మాటల్లో మర్యాద లేదు. అది చేపల రేవులో, పడవ మీదినుంచి గట్టు మీదికి కేకేసే గొంతు. “నాలుగు నెలలు మీ బూట్లు తుడిచాను. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఎందుకు చెప్పలేదు?”

ఒరిఎ వంగే ఉంది.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయి, చియొరి పాదం వైపు చూసి, మానేశాడు. మెల్లగా వెళ్ళి తలుపు పక్కన చాప మీద కూర్చున్నాడు.

మొనై ఫైల్లోంచి వేరే కాగితం తీశాడు. పనిలో తగిలిన దెబ్బలకు రాసే కాగితం. కలం మూత తీశాడు. చెయ్యి ఇంకా తొడ రుద్దుతూనే ఉంది.

“బెల్టు కట్టిన సమయం?” అన్నాడు, ఎవరివంకా చూడకుండా.

“నాలుగూ అయిదు,” అన్నాడు హిరుకావా.

“విప్పిన సమయం?”

హిరుకావా కిటికీకేసి చూశాడు. “అది... ఒక పావుగంట అయుంటుంది. ఇరవై నిమిషాలనుకోండి. నేను గడియారం చూడలేదు.”

“నేను చూశానండీ,” అంది చియొరి. “మీ తల వెనకాల గోడ మీద ఉంది, కోచ్ గారూ. మీరు మాట్లాడినంతసేపూ దాన్నే చూశాను. అయిదుకు ఎనిమిది నిమిషాలుంది.”

మొనై కలం కాగితం మీద ఆగింది. ఆయన హిరుకావా వైపు చూశాడు, అలవాటు కొద్దీ, ఆయన ఒప్పుకుంటాడేమో అని.

“ఆయన్ని అడగకండి,” అంది చియొరి. “నలభై ఏడు నిమిషాలు. రాయండి.”